నెత్తురు పోయేటప్పుడు బీపీ చెప్పని సంగతి

44వ నంబరు జాతీయ రహదారి మీద కొత్తకోట నుంచి అలంపూర్ చౌరస్తా దాకా ఎక్కడ లారీ గుద్దినా, అమ్రాబాద్ గుట్టల మీద ఏ బాలింతకు కాన్పు తర్వాత నెత్తురు ఆగకపోయినా, దవాఖాన గడప దాటగానే వినిపించే మొదటి ప్రశ్న బీపీ ఎంతుందనే. 110 ఉందంటే చుట్టూ ఉన్నవాళ్లు కాస్త కుదుటపడతారు. 80కి పడిందంటే హడావుడి మొదలవుతుంది, రెండు చేతులకూ సెలైన్ ఎక్కుతుంది, బీపీ తిరిగి 110కి వస్తే గండం గడిచిందంటారు. మొదటి సందర్భంలో కుదుటపడటమూ, రెండో సందర్భంలో గండం గడిచిందనుకోవడమూ రెండూ ప్రమాదకరమైన నమ్మకాలే. నెత్తురు పోతున్నప్పుడు బీపీని నిలబెట్టడానికి శరీరం ఏమేం వదులుకుంటుంది? చికిత్సతో మనం బీపీని పైకి తెచ్చినప్పుడు అలా వదులుకున్నవి నిజంగా తిరిగి వస్తాయా? నూరేళ్లకు పైగా సాగిన పరిశోధనను ఈ రెండు ప్రశ్నలతో చదివితే ఒక సంగతి తేలుతుంది. శరీరం తనలో తాను చేసుకున్న సర్దుబాటు తర్వాత మిగిలిన అంకే బీపీ. ఎంత నెత్తురు పోయిందో, ఏ అవయవానికి అందడం లేదో అది చెప్పదు. పెద్దదవాఖానలు దూరంగా ఉండి, మనుషుల ఒంట్లో నెత్తురు ముందే తక్కువగా ఉన్న నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాల్లో ఈ సంగతికి ఉన్న విలువ ఇంకా ఎక్కువ.

కిలో బరువుకు సుమారు 70 మిల్లీలీటర్ల లెక్కన 50 కిలోల మనిషి ఒంట్లో మూడున్నర లీటర్ల నెత్తురు ఉంటుంది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు ఎప్పుడూ సిరల్లోనే ఉంటుంది, ధమనుల వాటా చాలా తక్కువ. గుండె తన దగ్గరికి తిరిగి వచ్చిన నెత్తురునే ముందుకు పంపగలదు. ఆ తిరుగు ప్రవాహాన్ని నడిపించే ఒత్తిడి ఎంత స్వల్పమో అమెరికాలో ఆర్థర్ గైటన్ 1950లలో కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో కొలిచాడు. గుండె ఆగిన క్షణంలో నాళాలన్నిటా సమంగా మిగిలే పీడనం 7 మిల్లీమీటర్ల పాదరసం. ధమనుల్లో 120 కనిపించే మనిషిని నడిపిస్తున్నది నిజానికి ఆ ఏడు. కొంచెం నెత్తురు పోయినా ముందు తగ్గేది అదే. వెంటనే మెడలో కెరోటిడ్ ధమని చీలే చోటా, బృహద్ధమని వంపులోనూ, గుండె పైగదుల గోడల్లోనూ సాగుదలను పసిగట్టే నరాల కొసలు మెదడు కాండానికి కబురు పంపుతాయి. క్షణాల్లోనే సింపథెటిక్ నరాలు పని మొదలుపెడతాయి. గుండె వేగం పెరుగుతుంది, సిరలు బిగుసుకుని దాచుకున్న నెత్తురును గుండె వైపు నెడతాయి. పేగులు, కాలేయం, ప్లీహం ఒంటి నెత్తురులో దాదాపు పావు వంతును పట్టి ఉంచుతాయి, ఈ తొలి సాయంలో పెద్ద వాటా అక్కడి నుంచే వస్తుంది. ఆ తర్వాత చర్మానికి, పేగులకు, మూత్రపిండాలకు వెళ్లే చిన్న ధమనులు ముడుచుకుంటాయి. మెదడు, గుండె నాళాలు మాత్రం తమ ప్రవాహాన్ని తామే కాపాడుకుంటాయి. జూరాల ప్రాజెక్టు కింద నీళ్లు తగ్గిన ఏడాది ఉపకాలువల తూములు మూసి ప్రధాన కాలువలో మట్టం నిలబెడితే హెడ్ రెగ్యులేటర్ దగ్గరి గేజీ నిండుగానే చూపిస్తుంది, చివరి ఆయకట్టు మాత్రం నెర్రెలు బారుతుంది. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ ఆ గేజీ వంటిది.

నరాల పని క్షణాల్లో జరిగితే హార్మోన్ల పని నిమిషాల్లో, గంటల్లో జరుగుతుంది. అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్, మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ నుంచి వాసోప్రెసిన్, మూత్రపిండాల నుంచి రెనిన్, దాని వెంట యాంజియోటెన్సిన్, ఆల్డోస్టిరాన్ వరుసగా కలుస్తాయి. నాళాలు మరింత బిగుస్తాయి, ఉప్పూ నీళ్లూ బయటికి పోవు. విపరీతమైన దాహం వేస్తుంది. గాయపడినవాళ్లు నీళ్లు నీళ్లు అని అడగడం వెనక ఉన్నది ఈ హార్మోన్లే. ఇదే సమయంలో మరో నిశ్శబ్దమైన సాయం జరుగుతుంది. ధమనికలు ముడుచుకోవడంతో కేశనాళికల్లో పీడనం తగ్గి, చుట్టూ ఉన్న కణజాలంలోని నీరు నాళాల్లోకి ఊరుతుంది. మొదటి గంటా రెండు గంటల్లో ఇలా అర లీటరు నుంచి లీటరు దాకా చేరవచ్చు. ఈ ఊట జరిగేదాకా మిగిలిన నెత్తురు చిక్కదనం మారదు. అందుకే గాయపడిన అరగంటలో తీసిన హిమోగ్లోబిన్ రిపోర్టులో 12 కనిపిస్తే నెత్తురు పోలేదని అర్థం కాదు. లీటరు పోయాక కూడా మొదట్లో అది 12గానే ఉంటుంది. బీపీ తర్వాత మనవాళ్లు ఎక్కువగా నమ్ముకునేది ఈ రిపోర్టునే. ఆ తొలి గంటలో రెండూ ఒకే వైపు మోసం చేస్తాయి.

మరి నాడి వేగం? నెత్తురు పోతే నాడి పెరుగుతుందని చిన్న క్లాసు పిల్లలకూ తెలుసు. ఇక్కడా కథ నేరుగా సాగదు. 1944లో లండన్‌లో బార్‌క్రాఫ్ట్, ఎడ్‌హోమ్, మెక్‌మైకేల్, షార్పీ-షాఫర్ ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకుల నుంచి నెత్తురు తీస్తూ చేతి కండరాల్లో ప్రవాహాన్ని కొలిచారు. కొంతదాకా అంతా పుస్తకంలో రాసినట్టే జరిగింది. ఒక దశ దాటాక నాడి పెరగడానికి బదులు హఠాత్తుగా మందగించింది, బిగుసుకుని ఉండాల్సిన కండరాల నాళాలు తెరుచుకున్నాయి, బీపీ కుప్పకూలి మనిషి స్పృహ తప్పాడు. తర్వాత మెలకువగా ఉన్న జంతువుల మీద జరిగిన ప్రయోగాల్లోనూ ఒంటి నెత్తురులో సుమారు మూడో వంతు పోయే సమయంలో ఇదే రెండో దశ కనిపించింది. అంటే శరీరం ఒకే దిశలో మెల్లగా జారదు. చాలాసేపు పట్టుకుని నిలబడి, ఒక్కసారిగా వదిలేస్తుంది. ట్రామా శిక్షణలో నేర్పే నాలుగు తరగతుల పట్టికలో 15 శాతం, 30 శాతం, 40 శాతం నష్టాలకు ఇంత నాడి, ఇంత బీపీ అని వరుస అంకెలుంటాయి. 2010 తర్వాత బ్రిటన్, జర్మనీ గాయాల రిజిస్ట్రీల్లోని వేలాది కేసులతో పోల్చి చూస్తే నిజమైన మనుషులు ఆ గళ్లలో ఇమడలేదని తేలింది. యువకుల్లో బీపీ ఎక్కువసేపు నిలుస్తుంది. బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లలో నాడి పెరగదు. ఎప్పుడూ 160 ఉండే మనిషికి 110 అంటే అప్పటికే పడిపోయినట్టు. నెలలు నిండిన గర్భిణిలో నెత్తురు పరిమాణం 40 నుంచి 50 శాతం పెరిగి ఉంటుంది. అందుకే ఆమె లీటరు పోయేదాకా మామూలుగా కనిపించి, ఆ తర్వాత చూస్తుండగానే చేయి దాటిపోతుంది.

ఒక్క లక్షణాన్ని పట్టుకుని మిగతావాటిని వదిలేయడం ఎంత ఖరీదో చెప్పే పాత ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉంది. 1888లో, మళ్లీ 1889లో క్లోరోఫామ్ మత్తుమందు మనిషిని ఎలా చంపుతుందో తేల్చడానికి నిజాం ప్రభుత్వ ఖర్చుతో క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. ఖర్చు భరించినది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, మన ఉమ్మడి జిల్లా మహబూబ్‌నగర్‌కు పేరిచ్చినాయనే. సర్జన్ ఎడ్వర్డ్ లారీ నాయకత్వంలో వందలాది జంతువులకు క్లోరోఫామ్ ఇచ్చి చూశారు, రెండో కమిషన్‌కు లండన్ నుంచి లాడర్ బ్రంటన్ కూడా వచ్చాడు. ముందు ఆగేది శ్వాస, గుండె కాదు, కాబట్టి నాడి చూడనక్కరలేదు, ఊపిరిని మాత్రం కనిపెట్టుకుని ఉంటే చాలని తేల్చారు. అంత శ్రమ, అంత నిజాయితీ ఉన్న పని అది. కానీ 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ప్రయోగాలు చేసి, తక్కువ మోతాదు క్లోరోఫామ్‌లోనే గుండె గదులు వణికి హఠాత్తుగా ఆగిపోగలవని చూపించాడు. హైదరాబాదులో చూసినదంతా నిజమే, అది ఒక రకం చావు మాత్రమే. నెత్తురు పోయేటప్పుడు బీపీ ఒక్కదాన్నే చూసేవాళ్లూ అబద్ధం చూడటం లేదు. కథలో చివరి అంకాన్ని చూస్తున్నారు.

ఇక మన జిల్లాల్లో అన్నిటికంటే బరువైన అంశం రక్తహీనత. శరీరం నిజంగా కాపాడుకోవాల్సింది కణాలకు చేరే ఆక్సిజన్‌ను. అది మూడిటి గుణకారం: గుండె నిమిషానికి పంపే నెత్తురు, అందులోని హిమోగ్లోబిన్, ఆ హిమోగ్లోబిన్ ఎంత నిండుగా ఆక్సిజన్ మోస్తున్నది. గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 100 మిల్లీలీటర్ల నెత్తురులో 14 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న మనిషిలో గుండె నిమిషానికి ఐదు లీటర్లు పంపితే 930 మిల్లీలీటర్ల పైచిలుకు ఆక్సిజన్ ఒళ్లంతా తిరుగుతుంది. విశ్రాంతిలో ఒంటికి కావలసింది సుమారు 250. నెత్తురు పోయి ప్రవాహం సగమైనా 460 మిగులుతుంది, గండం గట్టెక్కే వీలుంది. ఇప్పుడు 7 గ్రాములున్న మనిషిని తీసుకోండి. అదే ఐదు లీటర్లకు అందేది 470. ప్రవాహం సగమైతే 235, అవసరం కంటే తక్కువ. పైగా ఒళ్లు అందిన ఆక్సిజన్‌ను చివరి బొట్టు దాకా లాక్కోలేదు కాబట్టి అసలు ఇబ్బంది అంతకు ముందే మొదలవుతుంది. రక్తహీనత ఉన్న మనిషి గుండె మామూలు రోజుల్లోనే వేగంగా కొట్టుకుంటూ ప్రవాహాన్ని పెంచుకుని ఉంటుంది. అంటే ప్రమాదం వచ్చేనాటికే సర్దుబాటులో కొంత భాగం వాడేసి ఉంటుంది. బీపీ పట్టీలో ఇదేదీ కనిపించదు. ఇద్దరికీ 110 ఉండవచ్చు.

ఇది లెక్క కోసం వేసిన లెక్క కాదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి, గర్భిణుల్లో 53.2 శాతం మందికి రక్తహీనత ఉంది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం గర్భిణులకు న్యూట్రిషన్ కిట్ల పథకం మొదలుపెట్టినప్పుడు రక్తహీనత ఎక్కువగా ఉందని ఎంపిక చేసిన తొమ్మిది జిల్లాల్లో నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల రెండూ ఉన్నాయి. పాకిస్తాన్, నైజీరియా, టాంజానియా, జాంబియాల్లో రక్తహీనత ఉన్న గర్భిణులతో జరిగిన వుమన్-2 అధ్యయనం 2023లో ఈ విషయాన్ని స్పష్టంగా చూపింది. మధ్యస్థ రక్తహీనత ఉన్నవాళ్లతో పోలిస్తే తీవ్ర రక్తహీనత ఉన్న తల్లులు చనిపోవడమో, చావు అంచుదాకా వెళ్లడమో దాదాపు ఏడు రెట్లు ఎక్కువ. పుస్తకాలు చాలాకాలం పాటు కాన్పు తర్వాత 500 మిల్లీలీటర్లు దాటితేనే అధిక రక్తస్రావం అన్నాయి. ఆ గీత నిండు నెత్తురున్న శరీరాలను చూసి గీసింది. ఆరు గ్రాములున్న తల్లికి 400 కూడా ఎక్కువే కావచ్చు. హిమోగ్లోబిన్ ఎంతో కార్డు మీద రాసి ఉన్న గర్భిణి విషయంలో ఆ అంకెను బట్టి గీతను కిందికి దించుకోవడం ఏ కొత్త పరికరమూ అక్కరలేని పని.

చికిత్స చరిత్ర చదివితే బీపీ అంకె వైద్యులను ఎన్నిసార్లు దారి తప్పించిందో తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల గాయాలు చూసిన వాల్టర్ కానన్ 1918లోనే, నెత్తురు ఆపకుండా బీపీని పెంచితే గడ్డకట్టినది ఊడి, కాపాడుకోవాల్సిన నెత్తురు కూడా పోతుందని హెచ్చరించాడు. ఆ మాట చాలాకాలం పక్కన పడింది. 1960లలో అమెరికాలో టామ్ షైర్స్ బృందం, నెత్తురు పోయినప్పుడు కణాల చుట్టూ ఉన్న నీరూ తగ్గుతుందని చూపించి ఉప్పు ద్రావణాలు ఇవ్వాలంది. వియత్నాం యుద్ధంలో ఆ పద్ధతితో మూత్రపిండాల వైఫల్యం తగ్గింది, దాని బదులు ఊపిరితిత్తులు నీటితో నిండిపోయే జబ్బు కొత్తగా కనిపించింది. 1994లో హ్యూస్టన్‌లో బికెల్ బృందం ఛాతీకి, కడుపుకు తూటా లేదా కత్తి దిగి బీపీ 90కి తగ్గిన 598 మందిని రెండు గుంపులు చేసి చూసింది. దారిలోనే ద్రవాలు ఎక్కించినవారిలో 62 శాతం బతికితే, ఆపరేషన్ గది దాకా ఆపినవారిలో 70 శాతం బతికారు. 2003లో లండన్‌లో కరీమ్ బ్రోహి బృందం, తీవ్రంగా గాయపడి వచ్చేవారిలో నాలుగో వంతు మందికి, పెద్దగా ద్రవాలు ఎక్కించకముందే, నెత్తురు గడ్డకట్టే గుణం దెబ్బతిని ఉందని చూపించింది. ప్రవాహం అందని నాళాల లోపలి పొర చెదిరి, గడ్డను కరిగించే యంత్రాంగం అదుపు తప్పుతుంది. అటువంటి నెత్తురులో లీటర్ల కొద్దీ చల్లటి సెలైన్ కలిపితే మిగిలిన గడ్డకట్టే ప్రోటీన్లు పలుచబడతాయి, ఒళ్లు చల్లబడుతుంది, నెత్తురు ఆమ్లమవుతుంది. బీపీ పెరుగుతుంది, నెత్తురు మాత్రం నీళ్లవుతుంది. బృహద్ధమనిలో బెలూన్ ఊది పై భాగానికి బీపీని నిలబెట్టే పద్ధతిని బ్రిటన్‌లో పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. బెలూన్ వాడినవారిలో 90 రోజుల్లో 54 శాతం, వాడనివారిలో 42 శాతం చనిపోయారు. అంకె నిలబడింది, అంకె కింద ఉన్న మనిషి నిలబడలేదు.

ఎవరు బతుకుతారో దేన్ని బట్టి తేలుతుందో 1960లలోనే క్రోవెల్ కుక్కల మీద కొలిచాడు. నెత్తురు తగ్గినంతసేపూ కణాలు అందుకోలేకపోయిన ఆక్సిజన్‌ను కూడుతూ పోతే అదొక బాకీ అవుతుంది. కిలోకు 100 మిల్లీలీటర్ల లోపు బాకీ ఉన్నవి బతికాయి, 120 దగ్గర సగం చనిపోయాయి, 140 దాటినవి తర్వాత ఎంత నెత్తురు తిరిగి ఎక్కించినా దక్కలేదు. లోతు, కాలం రెండూ కలిసి ఈ బాకీని పెంచుతాయి. ఇరవై నిమిషాల గాఢమైన కొరత, రెండు గంటల ఓ మోస్తరు కొరత ఒకే చోటికి చేర్చగలవు. అంత దూరం వెళ్లాక నాళాల కండరాలు అడ్రినలిన్‌కు జవాబివ్వడం మానేస్తాయి, వాసోప్రెసిన్ నిల్వలు అడుగంటుతాయి. అప్పుడు నెత్తురు నింపినా నాళాలు బిగుసుకోవు, బీపీ నిలవదు.

ఈ వాదానికి ఎదురయ్యే అభ్యంతరాల్లో మొదటిది న్యాయమైనదే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, కణాలకు ఆక్సిజన్ అందనప్పుడు నెత్తురులో పెరిగే లాక్టేట్‌ను కొలిచే పరికరం ఉండదు, గుండె ప్రవాహం కొలిచే యంత్రం అసలే ఉండదు. బీపీ పట్టీ అన్నిచోట్లా ఉంటుంది, ఉన్నదాన్ని వద్దంటే ఏం చూడాలి? పట్టీని పారేయమని ఎవరూ అనడం లేదు. దాని పక్కన నాడిని పెట్టమంటున్నాం. నాడిని పై బీపీతో భాగిస్తే వచ్చేదాన్ని షాక్ ఇండెక్స్ అంటారు, 1967లో ఆల్గోవర్, బుర్రీ ప్రతిపాదించింది. మామూలుగా అది 0.5 నుంచి 0.7 మధ్య ఉంటుంది. కాన్పు అయిన తల్లిలో 0.9కి చేరితే పెద్దదవాఖానకు కదలాల్సిందే. బీపీ 110, నాడి 115 ఉన్న మనిషిని బీపీ ఒక్కటే చూసి బాగుందంటాం, భాగహారం చేస్తే ఒకటి దాటుతుంది. చల్లటి చేతులు, గోరు నొక్కి వదిలితే ఎరుపు రావడానికి పట్టే సమయం, తగ్గిన మూత్రం, ఉన్నట్టుండి కలవరపడే మనసు, ఇవన్నీ తూములు మూసుకున్నాయని చెప్పే గుర్తులే. పది నిమిషాలకోసారి రాసిన మూడు కొలతల వరుస ఒక్క కొలత కంటే ఎన్నో రెట్లు మేలు.

అసలు కొలవాల్సింది పోయిన నెత్తురును. కంటితో వేసే అంచనా సుమారు మూడో వంతు తక్కువ చెబుతుందని మన పొరుగున బెళగావిలో తేలింది. అక్కడి జవహర్‌లాల్ నెహ్రూ మెడికల్ కాలేజీ వైద్యులు, అమెరికా వైద్యులు కలిసి కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచిని తయారు చేశారు. కాన్పు అయిన వెంటనే తల్లి నడుము కింద పరిస్తే నెత్తురు దాని గరాటులోకి దిగి ఎన్ని మిల్లీలీటర్లో కనబడుతుంది. ఆ సంచితోనే పల్లె కాన్పుల్లో ఏఎన్‌ఎంలు కొందరికి గర్భసంచిని బిగించే మిసోప్రోస్టాల్ మాత్ర, మిగతావారికి మందు లేని మాత్ర ఇచ్చి 1620 మందిని పరిశీలించారు. 2006లో వెలువడిన ఆ ఫలితాల్లో అధిక రక్తస్రావం మందు లేని మాత్ర వేసుకున్నవారిలో 12 శాతం, మిసోప్రోస్టాల్ వేసుకున్నవారిలో 6.4 శాతం. 2023లో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో ఈ-మోటివ్ పేరుతో జరిగిన పెద్ద అధ్యయనం అదే రకం సంచికి గర్భసంచి మర్దన, దాన్ని బిగించే ఆక్సిటోసిన్, నెత్తురు గడ్డ కరగకుండా కాపాడే ట్రనెక్సామిక్ యాసిడ్, సెలైన్, లోపలి పరీక్షలను ఒకే దఫాలో కలిపింది. తీవ్ర రక్తస్రావం, దాని కోసం కడుపు కోయాల్సి రావడం, మరణం కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. బీపీ పడటం కోసం చూడకుండా సంచిలో గీత చూసి కదలడం ఆ తేడాకు ఒక కారణం. లీటరు నెత్తురు పోయాక దొరికే బీపీ 80 కంటే 300 దగ్గర కనబడే గీత వైద్యానికి ఎంతో ముందు దొరుకుతుంది. కాన్పు గదిలో ఇంతకంటే చవకైన సమయం ఇంకేదీ కొనలేం.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. హ్యూస్టన్‌లో నిమిషాల్లో ఆపరేషన్ గది చేరే మనిషికి బీపీని తక్కువగా ఉంచడం సరే. గద్వాల నుంచి కర్నూలు పెద్దాసుపత్రి అరవై కిలోమీటర్ల దూరం. గట్టు, కేటీదొడ్డి వైపు వాళ్లు రాయచూరు చూస్తారు. అచ్చంపేట, నాగర్‌కర్నూల్ నుంచి హైదరాబాదుకు వంద కిలోమీటర్ల పైమాటే. నల్లమల లోపలి అప్పాపూర్ వంటి చెంచు పెంటల నుంచి అయితే తారు రోడ్డు ఎక్కడానికే సమయం పడుతుంది. ఇంతసేపు తక్కువ బీపీతో ఉంచితే క్రోవెల్ చూపిన బాకీ పెరుగుతూనే ఉంటుంది కదా? ఇది నిజం, అందుకే బికెల్ ఫలితాన్ని మన దగ్గర గుడ్డిగా పాటించకూడదు. తలకు దెబ్బ తగిలినవాళ్లకైతే అది అసలు వర్తించదు, దెబ్బతిన్న మెదడుకు బీపీ తగ్గడమే రెండో గాయం. కానీ ఈ అభ్యంతరం సెలైన్ లీటర్లను సమర్థించదు. దూరం పెరిగేకొద్దీ దారిలోనే నెత్తురు, ప్లాస్మా అందాల్సిన అవసరాన్ని అది చెబుతుంది. అమెరికాలో 2018లో హెలికాప్టర్ అంబులెన్సుల్లో ప్లాస్మా ఇచ్చి చూసిన పాంపర్ అధ్యయనంలో 30 రోజుల మరణాలు 33 శాతం నుంచి 23.2 శాతానికి తగ్గాయి. అదే ఏడాది డెన్వర్ నగరంలో, దవాఖాన దగ్గరగా ఉన్నచోట జరిగిన మరో అధ్యయనంలో ఏ లాభమూ కనిపించలేదు. రెండింటినీ కలిపి విశ్లేషిస్తే ప్రయాణం ఇరవై నిమిషాలు దాటినవారిలోనే ప్లాస్మా మేలు చేసిందని తేలింది. ఇంగ్లాండులో 432 మందితో జరిగిన రీఫిల్ అధ్యయనం దారిలో ఎర్ర కణాలు, ప్లాస్మా ఇచ్చినా సెలైన్ కంటే తేడా లేదన్నది 2022లో, దాన్నీ పక్కన పెట్టడానికి లేదు. నా అంచనాలో ఇవి ఒకదానికొకటి ఎదురు కావు. దగ్గర్లో దవాఖాన ఉంటే దారిలో ఏమిచ్చారన్నది చిన్న విషయం. రెండు గంటల దారి ఉంటే అదే పెద్ద విషయం. మన జిల్లాలు రెండో కోవకు చెందినవి.

సమయం గురించి అన్నిటికంటే గట్టి రుజువు ఒక చవకైన మందు నుంచి వచ్చింది. 40 దేశాల్లో 20,211 మంది గాయపడినవారితో జరిగిన క్రాష్-2 అధ్యయనం 2010లో ట్రనెక్సామిక్ యాసిడ్ మరణాలను 16 నుంచి 14.5 శాతానికి తగ్గించిందని చెప్పింది. మరుసటి ఏడాది అదే సమాచారాన్ని గంటల వారీగా విడదీస్తే అసలు సంగతి బయటపడింది. మొదటి గంటలో ఇస్తే నెత్తురు పోయి చనిపోయేవారు 7.7 నుంచి 5.3 శాతానికి తగ్గారు, మూడు గంటలు దాటాక ఇస్తే 3.1 నుంచి 4.4కి పెరిగారు. ఒకే మందు, గడియారం మారితే మేలు కీడైంది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్స్ సేవ మనకిచ్చిన గొప్ప సంపద వేగం. ఆ వేగానికి ఈ ఇంజెక్షన్, వెచ్చని దుప్పటి, నెత్తురు కారే చోట గట్టిగా నొక్కిపట్టే చేయి తోడైతే బండి వెళ్లే దూరం అంతా చికిత్స సమయమే అవుతుంది. రెఫర్ చేసే చీటీ మీద బీపీ ఒక్కటే రాస్తే సరిపోదు. నెత్తురు ఎప్పుడు మొదలైంది, ఎంత పోయింది, నాడి ఎలా మారింది, ఇంజెక్షన్ ఏ గంటకు ఇచ్చారు అన్నవి రాయకపోతే అవతలి దవాఖాన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

రక్తం దొరకనిచోట ఇదంతా చెప్పి ఏం లాభం అని కొందరంటారు. దొరకనప్పుడు సెలైన్ ఇవ్వక తప్పదు. ఇవ్వాల్సినది 250 మిల్లీలీటర్ల చొప్పున, మణికట్టు దగ్గర నాడి అందేదాకా, మనిషి మాటకు మాట చెప్పేదాకా, అంతే. అది నెత్తురు కోసం గడువు కొనడం మాత్రమే. 2022లో వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో, ఆ తర్వాత గద్వాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఈ మూడు చోట్లా నెత్తురు నిల్వ, మత్తు వైద్యం, ఆపరేషన్ గది రాత్రి రెండు గంటలకూ సిద్ధంగా ఉంటే కర్నూలు, హైదరాబాదు దూరాల లెక్కే మారుతుంది. భవనం కంటే ఆ రాత్రి రెండు గంటలే కొలమానం కావాలి. నెత్తురు ఎక్కించడంలోనూ ఒక మెలిక ఉంది. ఏళ్ల తరబడి ఆరు గ్రాములతో బతుకుతూ ఇప్పుడేమీ నెత్తురు పోని తల్లికి గబగబా రెండు సంచులు ఎక్కిస్తే, అప్పటికే నిండుగా ఉన్న నాళాల్లో బరువు పెరిగి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. అదే తల్లికి నెత్తురు ధారగా పోతుంటే ఆలస్యమే ప్రమాదం. హిమోగ్లోబిన్ అంకె ఒకటే, చేయాల్సిన పని రెండు రకాలు. ఎక్కువ సంచులు ఎక్కించాల్సి వస్తే వాటిలోని సిట్రేట్ ఒంట్లోని కాల్షియంను పట్టేస్తుంది. కాల్షియం తగ్గితే నెత్తురు గడ్డకట్టదు, గుండె బిగువు తగ్గుతుంది. నాలుగైదు సంచులు ఎక్కించాక బీపీ పెరగకపోతే ఇంకా సెలైన్ వైపు చూసేముందు ఒక కాల్షియం ఇంజెక్షన్ గుర్తుకు రావాలి.

బతికి ఇంటికి చేరిన తర్వాత కూడా శరీరం పని ముగియదు. నీరు ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది, ప్రోటీన్లకు కొద్ది రోజులు పడుతుంది, ఎర్ర కణాలకు వారాలు పడుతుంది, అదీ ఇనుము ఉంటేనే. పది గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న తల్లి నుంచి లీటరు నెత్తురు పోతే సుమారు 340 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. తిండి నుంచి రోజూ ఒంటికి పట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములు, అందులోనూ ఎక్కువ భాగం రోజువారీ నష్టాన్ని పూడ్చడానికే సరిపోతుంది. మాత్రలో, సెలైన్‌లో ఎక్కించే ఐరనో అందకపోతే ఆ లోటు పూడటానికి ఏడాది కూడా చాలకపోవచ్చు. ఈలోపే మళ్లీ కడుపు పండితే ఆమె రెండో కాన్పుకు మొదటిదానికంటే తక్కువ హిమోగ్లోబిన్‌తో వస్తుంది. చేతికి పట్టీ కడితే బీపీ మాత్రం అప్పుడూ 110 అనే చూపిస్తుంది.